ఎలా ఉతుకుతారో తేల్చుకున్నాకే టైలర్‌కి ఇవ్వండి: చేనేత బట్టల్లో దేనికి ఏది నయం

నాలుగేళ్ల కిందట మా అత్తయ్యకి ఒక గద్వాల చీర కొన్నాం. ఒళ్లంతా నేరేడు రంగు నూలు, అంచూ కొంగూ పసుపు పట్టు. ఫాల్ వేయించి రెండుసార్లు కట్టారు. మూడోసారి ఇంట్లోనే షాంపూ నీళ్లలో జాడించి నీడన ఆరేశారు. ఆరాక చూస్తే కుచ్చిళ్లు వచ్చే చోట కింది అంచంతా అప్పడంలా వంకర్లు తిరిగి ఉంది. ఇస్త్రీ పెట్టె ఎంత నొక్కినా కూర్చోలేదు. "పట్టు పాడైపోయిందే" అని ఆవిడ ఒకటే బాధ. "అత్తయ్యా, ఫాల్ తడిపి ఇచ్చారా?" అంటే "ఫాల్‌ని తడపడమేంటి?" అన్నారు. కుట్లు విప్పి చూశాను. చీర శుభ్రంగానే ఉంది, ముడుచుకున్నది ఫాల్. రెండున్నర మీటర్ల నూలు పట్టీని తడపకుండా మెషీన్ మీద కుట్టేశారు. నీళ్లు తగలగానే అది మూడు అంగుళాలు గుంజుకుని, తనతో పాటు అంచునీ లాక్కుపోయింది.

అప్పటి నుంచి ఎవరైనా "దీన్ని చేత్తో ఉతకాలా, మెషీన్‌లో వెయ్యొచ్చా, డ్రైవాష్‌కే ఇవ్వాలా" అని అడిగితే ముందు బట్టని తిరగేసి లోపలి కుట్లు చూస్తాను. మంచి చేనేత బట్ట తనంతట తాను పాడవడం తక్కువ. తడిపిన గుడ్డ పక్కన తడపని గుడ్డ, నూలు పక్కన పట్టు, లేత రంగు పక్కన దిగే రంగు పెట్టి కుట్టిన చోటే పేచీ మొదలవుతుంది. కాబట్టి ఉతికే పద్ధతిని టైలర్ కత్తెర పెట్టకముందే ఎంచుకోవాలి.

ముందు అది ఏ బట్టో తెలియాలి

షాపులో అన్నీ "ప్యూర్" అనే అంటారు. పట్టయితే సిల్క్ మార్క్ ట్యాగ్ ఉందేమో చూడండి. కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చింది దీన్ని. ట్యాగ్ లేకపోతే అంచు నుంచి రెండు పోగులు లాగండి. పడుగు (నిలువు) పోగు ఒకటి, పేక (అడ్డం) పోగు ఒకటి, రెండూ విడివిడిగా. సింకు దగ్గర నిలబడి అగ్గిపుల్లతో కాల్చండి. పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్లతో నలిపితే పొడి అయిపోతుంది. నూలు కాగితంలా కాలి మెత్తటి బూడిద మిగులుస్తుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా అంటుకుంటుంది. ఒక పోగు పట్టులా, ఇంకోటి నూలులా కాలాయంటే మీ చేతిలో ఉన్నది సికో లాంటి కలనేత. దాన్ని ఉతికేటప్పుడు రెండింట్లో సుకుమారమైన దాని మాటే వినాలి. అంటే పట్టు మాట.

కుట్టించే ముందు తడపాలా, వద్దా

నూలు బట్ట అయితే తడపాల్సిందే. మంగళగిరి, పోచంపల్లి కాటన్, నారాయణపేట, పొందూరు ఖద్దరు, పెడన కలంకారీ, దేనికీ మినహాయింపు లేదు. మగ్గం మీద పడుగుని బిగించి లాగి ఉంచుతారు, పోగు తెగకుండా గంజి కూడా పట్టిస్తారు. మొదటిసారి నీళ్లలో పడగానే ఆ గంజి వదిలి, సాగదీసిన పోగు తన అసలు పొడవుకి వచ్చేస్తుంది. అది ఎంతన్నది బట్టబట్టకీ మారుతుంది కాబట్టి ఎవరో చెప్పిన అంకె నమ్మకుండా మీరే కొలుచుకోండి.

పద్ధతి తేలికే. బట్ట అంచు వెంబడి సరిగ్గా 50 సెంటీమీటర్లు కొలిచి, రెండు కొసల్లో తెల్ల దారంతో ఒక్కో కుట్టు వేసి గుర్తు పెట్టండి. మామూలు నీళ్లలో గంటసేపు (ముదురు రంగు పక్కన తెల్ల గళ్లున్న పోచంపల్లి అయితే అయిదు నిమిషాలే) నానబెట్టి, మెలిపెట్టి పిండకుండా నీడన ఆరేసి, ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. 48 వచ్చిందంటే నూటికి 4 వంతులు తగ్గింది. 44 అంగుళాల కుర్తా ఆ లెక్కన దాదాపు అంగుళం ముప్పావు పైకి పోతుంది. ఇంకోసారి తడిపి కొలిస్తే ఇంకా తగ్గుతోందో, ఆగిపోయిందో కూడా తెలుస్తుంది. ఆగాకే టైలర్ దగ్గరికి.

"తడపక్కర్లేదండీ, స్టీమ్ ఐరన్ చేసేస్తాను" అనే టైలర్లు ఉన్నారు. ఆ డ్రెస్సు జన్మలో నీళ్లు చూడదు, ఎప్పుడూ డ్రైవాషే అనుకుంటే అది చాలు. ఇంట్లో ఉతికేదైతే చాలదు. ఆవిరికి కొంత ముడుచుకుంటుంది తప్ప నానబెట్టినంత ముడుచుకోదు.

అచ్చం పట్టు బ్లౌజు పీసుని మాత్రం తడపొద్దు. నీటి చుక్కలు పడ్డ చోట మచ్చలు కడతాయి, నిగారింపు తగ్గుతుంది, జరీ ఉంటే దానికీ మంచిది కాదు. దానికి లోపల వేసే లైనింగ్‌ని మాత్రం రెండుసార్లు తడిపి ఇవ్వండి. పట్టుకి నీళ్లు తగలవు కదా, లైనింగ్‌ని తడపడమెందుకు అనుకోవద్దు. మే నెలలో పెళ్లికి కట్టుకుంటే చెమటకి తడిసేది ముందు లైనింగే.

లైనింగు, ఫాలు, దారం

లైనింగ్‌లో పోటీ నూలుకీ క్రేపుకీ. నూలు చెమట పీల్చుకుంటుంది, కానీ ముడుచుకుంటుంది, కొన్ని రంగు దిగుతాయి. పాలిస్టర్ క్రేపు ముడుచుకోదు, జారుతూ చక్కగా పడుతుంది, కానీ మన ఎండల్లో ఒంటికి అతుక్కుపోయి ఉక్క పోస్తుంది. బ్లౌజులకీ కుర్తాలకీ నేను నూలే వేస్తాను. క్రేపు పొడవాటి లంగా లోపలికో, ఏసీ హాల్లో రెండు గంటలు వేసుకునే గౌనుకో సరిపోతుంది. ఒకటి గుర్తుంచుకోండి: తడపని మంగళగిరి బట్టకి క్రేపు లైనింగ్ వేస్తే, మొదటి ఉతుకు తర్వాత పై బట్ట పొట్టిదై లైనింగ్ కింద నుంచి తొంగి చూస్తుంది. అప్పుడు లైనింగ్ పెరిగిందనుకుంటారు.

లైనింగ్ రంగు పరీక్ష తప్పనిసరి. మెరూన్, ముదురు ఆకుపచ్చ, నలుపు లైనింగుల మీద తడి తెల్ల గుడ్డ పరిచి వేడి ఇస్త్రీ పెట్టెతో పది సెకన్లు నొక్కండి. తెల్ల గుడ్డకి రంగు అంటితే చంకల కింద చెమటకి పట్టుకీ అంటుతుంది. మ్యాచింగ్ కుదిరిందని మురిసిపోయి కుట్టించిన లేత గులాబీ పట్టు బ్లౌజొకటి నాకలా పోయింది. చంకల దగ్గర రెండు అరచందమామల్లా మెరూన్ మచ్చలు. ఏ డ్రైవాష్‌కీ పోలేదు.

ఫాల్ విషయానికొస్తే చేతి కుట్టా, మెషీన్ కుట్టా? మెషీన్ చవక, పావుగంట పని. కాటన్ చీరకి ఫర్వాలేదు. పట్టు అంచుకి మాత్రం చేతి హెమ్మింగే వేయించండి. ఎక్కువ డబ్బు పెట్టాల్సింది ఇక్కడే. మెషీన్ సూది పట్టులో ఒకదాని పక్కన ఒకటిగా రంధ్రాల వరస చేస్తుంది, తర్వాత విప్పినా ఆ గీత పోదు. చేతి కుట్టు కొంచెం వదులుగా ఉంటుంది కాబట్టి ఫాల్ ఓ అర అంగుళం ముడుచుకున్నా అంచుని లాగదు, మార్చాలంటే విప్పడం కూడా తేలిక. వేడి నీళ్లలో రాత్రంతా నానబెట్టి ఆరేసిన ఫాల్‌నే ఇవ్వండి. షాపులో "మేమే తడిపి వేస్తాం" అన్నా సరే, ఇంట్లో తడిపిందే తీసుకెళ్లండి.

దారం గురించి ఎవరూ అడగరు. టైలర్ షాపుల్లో ఎక్కువగా వాడేది పాలిస్టర్ దారం. గట్టిది, రంగులు బోలెడు, కుర్తాలకీ ప్యాంట్లకీ బ్రహ్మాండంగా పనికొస్తుంది. పల్చటి వెంకటగిరి నూలుకో, అమ్మమ్మ పాత పట్టుచీర చింపి పాపకి కుట్టే గౌనుకో మాత్రం నేను నూలు దారం అడుగుతాను. బట్ట కంటే దారం గట్టిదైతే, ఎక్కడైనా లాగినప్పుడు తెగేది బట్టే. బిగుతుగా ఉన్న బ్లౌజులో చెయ్యి పైకెత్తినప్పుడు కుట్టు పిగిలితే అయిదు నిమిషాల్లో వేసుకోవచ్చు. వీపు దగ్గర పట్టు పర్రున చిరిగితే అతుకు వెయ్యడం తప్ప దారి లేదు.

ఇంట్లో కుట్టుకునేవాళ్లు సూది నంబరు కూడా చూసుకోండి. పట్టుకీ పల్చటి నూలుకీ 11, మందపాటి ఖద్దరుకి 14. మొండి సూది పట్టులో దిగేటప్పుడు టప్ టప్ మని చప్పుడు చేస్తుంది, పోగులు లాగేస్తుంది. ఆ చప్పుడు వినబడగానే ఆపి సూది మార్చేయండి. సూది ఖరీదెంతని!

ఉప్పాడ జాందానీ లాంటి పల్చటి బట్టల్ని గౌన్లు, టాప్‌లుగా కుట్టించేటప్పుడు ఓవర్‌లాక్ (గుడ్డ అంచు పోగులు ఊడకుండా వేసే మెషీన్ కుట్టు) ఒక్కటే సరిపోదు. కుట్టు దగ్గర పోగులు జారి సందులు పడతాయి. అంచుల్ని లోపలికి మడిచి రెండోసారి కుట్టించండి. పక్కల్లో కనీసం ముప్పావు అంగుళం గుడ్డ వదలమని ముందే చెప్పండి.

చెయ్యి, మెషీన్, డ్రైవాష్

మంగళగిరి నూలు వీటన్నింట్లో మొండి ఘటం. ఒత్తుగా నేసిన బట్ట. తడిపి కుట్టించి, మొదటి రెండు ఉతుకులూ చేత్తో విడిగా చేశాక, తిరగేసి వల సంచిలో పెట్టి మెషీన్‌లో డెలికేట్ మోడ్‌లో చన్నీళ్లతో వేసుకోవచ్చు. నిజాం అంచు జరీ పట్టీ ఉంటే స్పిన్ తగ్గించండి. రోజూ ఆఫీసుకి చేనేత వేసుకోవాలి, ఉతికే తీరిక లేదు అనేవాళ్లకి నేను చెప్పేది ఇదే. మొదటి జత మంగళగిరితో మొదలెట్టండి.

పోచంపల్లి కాటన్‌తో చిక్కు రంగే. పోచంపల్లిది ఇక్కత్ నేత. అందులో నూలుని నేతకు ముందే చిటికీలు (రంగు అంటకుండా బిగించే కట్లు) కట్టి రంగుల్లో ముంచుతారు, అందుకే బట్టకి రెండు వైపులా డిజైన్ ఒకేలా కనిపిస్తుంది. ముదురు రంగు పక్కనే తెల్ల గళ్లు ఉన్న డిజైన్‌ని నానబెట్టారో, ఆ తెలుపు బూడిద రంగులోకి దిగుతుంది. నీళ్లలో ముంచి, అయిదు నిమిషాల్లో జాడించి, వెంటనే ఆరెయ్యాలి. తడి బట్టని బకెట్‌లో ముద్దలా వదిలేసి ఫోన్ మాట్లాడటానికి వెళ్లొద్దు. మెషీన్‌లో వేసినా సైకిల్ అయిపోయాక లోపల తడిగా పడి ఉండకూడదు. మీ ఇంట్లో బట్టలు ఆరేసేది ఆఫీసు నుంచి వచ్చాకే అయితే పోచంపల్లిని ఆదివారానికి వాయిదా వేయండి.

కలంకారీ దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే దీనికి చెప్పే చిట్కాల్లో సగం దాన్ని పాడుచేసేవే. అసలు పద్ధతిలో బట్టని కరక్కాయ రసం, పాలు కలిపిన దాంట్లో ముంచి ఆరబెడతారు. నల్ల గీతలకి బెల్లం నీళ్లలో పాత ఇనుప ముక్కలు ఊరబెట్టిన కసీం వాడతారు. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలిసి ఆ నలుపు పుడుతుంది. శ్రీకాళహస్తిలో కలంతో వేసినా, పెడనలో అచ్చుతో అద్దినా మూల సూత్రం ఇదే. "రంగు నిలవాలంటే నిమ్మరసమో వెనిగరో వెయ్యండి" అని వీడియోల్లో చెబుతుంటారు. పాతకాలం ఇంకు మరకని నిమ్మకాయతో రుద్ది పోగొట్టేవాళ్లు గుర్తుందా? ఆ ఇంకూ ఇనుమూ వగరూ కలిసిందే. నిమ్మరసం కలంకారీ నలుపుకీ అదే గతి పట్టిస్తుంది. మరోవైపు, బట్టల సోడా కలిసిన ఘాటు పౌడర్లు ఎరుపునీ పసుపునీ దెబ్బతీస్తాయి. కుంకుడు రసం, చన్నీళ్లు, నీడ. మెషీన్ వద్దు. మొదటి రెండు ఉతుకుల్లో నీళ్లు పసుపుగా వస్తే కంగారు పడకండి, అది మిగిలిపోయిన కరక్కాయ. బజార్లో కలంకారీ పేరుతో దొరికే స్క్రీన్ ప్రింటుకి ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు, మామూలు కాటన్‌లా ఉతుక్కోవచ్చు.

ధర్మవరం, పోచంపల్లి పట్టు, ఉప్పాడ పట్టు: డ్రైవాష్. కట్టిన ప్రతిసారీ ఇవ్వక్కర్లేదు. కట్టి విప్పగానే మడతపెట్టకుండా ఫ్యాను గాలికి రెండు మూడు గంటలు ఆరేసి, చెమట వాసన లేకపోతే మడిచేయొచ్చు. డ్రైవాష్‌లో వాడేది నీళ్లు కాదు, నూనె మరకల్ని కరిగించే ద్రావకం. నెయ్యి, నూనె, లిప్‌స్టిక్ దానికి పోతాయి. చెమట ఉప్పు, పాయసం, కొబ్బరినీళ్లు, కూల్‌డ్రింక్ పోవు. తీపి మరక మొదట కంటికి కనపడదు, ఇస్త్రీ వేడి తగిలాక గోధుమ రంగులో బయటపడుతుంది. అప్పుడు షాపువాడి మీద అరుస్తాం. ఇచ్చేటప్పుడే "ఇక్కడ పాయసం పడింది" అని చూపించి, ఆ చోట చిన్న కాగితం పిన్ను చేసి ఇవ్వండి. పిన్ను జరీకి గుచ్చొద్దు, లోపలి మడతకి గుచ్చండి.

సబ్బులో ఏది

కుంకుడుకాయలకి నా ఓటు, తలకి వాడటం మానేసి ఇరవయ్యేళ్లయినా సరే. బోరు నీళ్లలో సబ్బు తెల్లటి తెట్టు కట్టి బట్ట మీద పేరుకుంటుంది, కుంకుడు రసం అలా చెయ్యదు. పట్టుకీ నూలుకీ రెండింటికీ మెత్తన. గుప్పెడు కాయలు కొట్టి గింజలు తీసి, వేడినీళ్లలో నానబెట్టి పిసికి, పల్చటి గుడ్డలో వడకట్టండి. వడకట్టకపోతే తొక్కు ముక్కలు మరకలు పెడతాయి. తెల్ల ఖద్దరుకి మాత్రం వద్దు, లేత గోధుమ ఛాయ వస్తుంది. కాయలు కొట్టే ఓపిక లేకపోతే కండిషనర్ కలవని పిల్లల షాంపూ రెండో స్థానం. పట్టుకీ ఉన్నికీ అని రాసి ఉన్న లిక్విడ్లు కూడా మంచివే. మామూలు పౌడర్ క్షారం, రోజువారీ నూలుకి సరే, పట్టుకి కాదు. బ్లీచింగ్ ద్రావకం అయితే పట్టుని తినేస్తుంది, మరక మీద చుక్క కూడా వెయ్యొద్దు.

కళ్లుప్పు సంగతి: ఉప్పు నీళ్లలో ముంచితే ఆ పూటకి రంగు తక్కువ దిగొచ్చు. శాశ్వతంగా పట్టించే శక్తి దానికి లేదు. రంగు దిగే బట్ట మూడో ఉతుకులోనూ దిగుతుంది, కాబట్టి విడిగా ఉతకడం మానొద్దు.

గంజి, బీరువా

నూలు చీరలకి ఇంటి గంజి, సగ్గుబియ్యం గంజి, కొన్న స్టిఫెనర్ మూడూ పనిచేస్తాయి. ముదురు రంగులకి ఇంటి గంజి తెల్లటి చారలు కడుతుంది, దానికి సగ్గుబియ్యం పల్చగా కాచి వడకట్టింది నయం. పట్టుకి ఏదీ వద్దు. నెల దాటి బీరువాలో ఉండబోయే చీరని గంజి పెట్టకుండానే దాచండి. గంజి వాసనకి పురుగులు చేరతాయి, మడతల దగ్గర పోగులు విరుగుతాయి.

జరీ చీరల్ని ప్లాస్టిక్ కవర్లలో కాకుండా పాత మెత్తటి పంచె ముక్కలో చుట్టండి. నాఫ్తలీన్ ఉండలు జరీకి తగలకూడదు, సెంటు కూడా కొట్టొద్దు. మూడు నెలలకోసారి మడత మార్చండి.

అత్తయ్య గద్వాల చీరకి రెండుసార్లు తడిపిన కొత్త ఫాల్‌ని నేనే చేత్తో వేశాను, ఒక మధ్యాహ్నం పట్టింది. ఆవిరి పట్టించి ఇస్త్రీ చేస్తే వంకర్లన్నీ పోయాయి. పాత మెషీన్ కుట్టు రంధ్రాల గీత మాత్రం వెలుతురికి పెడితే ఇప్పటికీ కనిపిస్తుంది. నూలూ పట్టూ కలిసిన చీర కాబట్టి దాన్ని ఇప్పుడు ఏడాదికోసారి డ్రైవాష్‌కే ఇస్తున్నాం. నూలుకి ఎంత ముడుచుకునే గుణం మిగిలి ఉందో కుట్టిన చీరలో కొలిచే వీల్లేదు కదా. మొన్న అత్తయ్య ఇంకో చీర కొనుక్కుని వచ్చారు. చీర చూపించక ముందే సంచిలోంచి ఫాల్ తీసి బకెట్‌లో వేశారు.